తెలుగునాట రేడియో కేంద్రాలు, పాత రేడియో సెట్లు

తెలుగువారికి రేడియో రెండు దిక్కుల నుంచి వచ్చింది. సి.వి. కృష్ణస్వామి చెట్టి చొరవతో 1924లో మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ప్రసారాలు మొదలుపెట్టింది. డబ్బు చాలక 1927లో ఆగిపోయింది. హైదరాబాదు చిరాగ్ అలీ సందులో తపాలా శాఖ ఉద్యోగి మహబూబ్ అలీ సొంతంగా నడిపిన కేంద్రాన్ని 1935లో నిజాం ప్రభుత్వం తీసుకుంది. దక్కన్ రేడియోగా పేరుపడ్డ దాని ట్రాన్స్‌మీటరు శక్తి 200 వాట్లు. 1950లో అది భారత ప్రభుత్వపరమైంది. మద్రాసు ఆలిండియా రేడియో కేంద్రం 1938 జూన్ 16న ప్రారంభమైంది. న్యాపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు పిల్లలందరికీ రేడియో అన్నయ్య, అక్కయ్య అయింది అక్కడే.

1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ కేంద్రంతో కోస్తా జిల్లాలకు సొంత గొంతు దొరికింది. బాలాంత్రపు రజనీకాంతరావు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ, ఓలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం వంటివారు ఒకే కప్పు కింద పనిచేయడం మరే తెలుగు సంస్థకూ దక్కని భాగ్యం. పొద్దున భక్తిరంజని, ఉషశ్రీ ధర్మసందేహాలు, నండూరి సుబ్బారావు నాటకాలు ఈ కేంద్రానికి పేరు తెచ్చాయి. నాటకం వచ్చే వేళకు రేడియో లేని ఇరుగుపొరుగు ఉన్నవాళ్ల అరుగు మీద చేరేవారు. 1963లో కడప, విశాఖపట్నం కేంద్రాలు తోడయ్యాయి.

అంతకుముందే కేంద్ర సమాచార మంత్రి బి.వి. కేస్కర్ సినిమా పాటలపై ఆంక్షలు పెట్టడంతో శ్రోతలు షార్ట్ వేవ్‌లో రేడియో సిలోన్‌కు మళ్లారు. అక్కడ మీనాక్షి పొన్నుదురై తెలుగు పాటలు వినిపించేవారు. దీనికి జవాబుగా 1957లో వివిధ భారతి వచ్చింది.

1980లలో జిల్లా స్థాయి కేంద్రాలు రావడం మొదలైంది: ఆదిలాబాదు 1986, కొత్తగూడెం 1989, తరువాత వరంగల్లు, నిజామాబాదు, అనంతపురం. ఆలోచన మంచిదే, ఆలస్యమైంది. 1977లోనే హైదరాబాదు దూరదర్శన్ మొదలైంది, 1990లలో కేబుల్ టీవీ ఇంటింటికీ చేరింది. ఖాళీ అయిన ఉద్యోగాలు నిండక స్థానిక కార్యక్రమాల స్థానంలో రిలేలు పెరిగాయి. 2006 నుంచి హైదరాబాదులో ప్రైవేటు ఎఫ్.ఎం.లు పాటలు, కబుర్లు పంచినా సొంత వార్తలకు వాటికి అనుమతి లేదు. హైదరాబాదు ఆకాశవాణి శిక్షణ అకాడమీని మూసివేయాలని కూడా నిర్ణయించారు. స్థానిక గొంతు తగ్గిపోతున్న ఈ ధోరణికి మినహాయింపు, 2008లో జహీరాబాదు దగ్గరి మాచనూరులో దళిత మహిళలు ప్రారంభించిన సంగం రేడియో.

పాత సెట్ల మీద మోజు మాత్రం తగ్గలేదు. ఫిలిప్స్, మర్ఫీ, బుష్, హెచ్.ఎం.వి., నేషనల్ ఎకో కంపెనీల కొయ్యపెట్టె సెట్లు హైదరాబాదు జుమ్మెరాత్ బజారు వంటి పాతసామాన్ల సంతల్లో వెతికేవారికి దొరుకుతుంటాయి. ఒకప్పుడు వీటికి పోస్టాఫీసులో ఏటా లైసెన్సు రుసుము కట్టాలి. ఆ పద్ధతి 1980లలో రద్దయింది. ఈ సెట్లలోని వాల్వులు వేడెక్కి మాట వినిపించడానికి అర నిమిషం పడుతుంది. స్టేషను సరిగ్గా కుదిరిందనడానికి కొన్ని సెట్లలో పచ్చని మ్యాజిక్ ఐ గుర్తు. కొయ్యపెట్టెలో పెద్ద స్పీకరు ఇచ్చే నిండైన ధ్వని చిన్న ట్రాన్సిస్టర్లకు రాదు. ఏళ్లుగా మూలపడ్డ సెట్టును నేరుగా కరెంటుకు తగిలించకూడదు. పాత కండెన్సర్లు లీకై ట్రాన్స్‌ఫార్మరు, వాల్వులు కాలిపోవచ్చు. ముందు ఆ కండెన్సర్లను మార్పించాలి. మీడియం వేవ్, షార్ట్ వేవ్ మాత్రమే ఉన్న ఈ సెట్లలో ఎఫ్.ఎం. కేంద్రాలు పలకవు, మీడియం వేవ్ ప్రసారాలు సాగినంత కాలమే వీటికి తెలుగు మాట అందుతుంది.