వారాలబ్బాయి మొదటి వారం

వారం అంటే ఏడు రోజులు. ఆదివారం, సోమవారం అన్నప్పుడు ఒక్క రోజు. ఇవి కాక ఇంకో అర్థం ఉండేది, అది మా తరానికి దాదాపు అందకుండా పోయింది. చదువు కోసం పట్నం వచ్చిన పేద కుర్రాడు ఇల్లిల్లూ తిరిగి, సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో భోజనం పెట్టడానికి ఒప్పించుకునేవాడు. దాన్నే వారాలు చేసుకోవడం అనేవాళ్ళు. ఆ కుర్రాడు వారాలబ్బాయి.

కొత్తగా వచ్చినవాడి మొదటి వారమంతా ఈ పనికే సరిపోయేది. ఏడిళ్ళు దొరికితే చదువు సాగినట్టే. అయిదే దొరికితే మిగతా రెండు రోజులూ అటుకులో, మంచినీళ్ళో. ఏ ఇంట్లో బడివేళకి ముందే వడ్డిస్తారు, ఎక్కడ ముందు బావిలో నీళ్ళు తోడాలి, ఎవరు పంక్తిలో కూర్చోబెడతారు, ఎవరు వసారాలో విస్తరి వేస్తారు, ఇవన్నీ ఆ వారంలోనే తెలుసుకోవాలి. ఇప్పుడు కాలేజీలు ఓరియంటేషన్ అంటున్నది ఇలాంటిదే. అప్పుడు బ్యానరు, మైకు లేవంతే.

హాస్టలు చదువుల చరిత్ర అనగానే భవనాల గురించి, వ్యవస్థాపకుల గురించి రాస్తారు. నాకు మాత్రం దాన్ని మెస్ వైపు నుంచి చూడాలనిపిస్తుంది. ఇల్లు వదిలి వచ్చిన పిల్లాడికి మొదటి వారంలో సిలబస్ గుర్తుండదు. ఎవరి పక్కన కూర్చుని తిన్నాడో గుర్తుంటుంది.

వారాల పద్ధతిలో నిజంగానే దయ ఉంది, కాదనను. కానీ అది ఎక్కువగా బ్రాహ్మణ కుర్రాళ్ళకి బ్రాహ్మణ ఇళ్ళలో దొరికిన దయ. మిగతావాళ్ళు చుట్టాల ఇంట్లో ఉండాలి, లేదా గది తీసుకుని వండుకోవాలి. డబ్బుంటే పూటకూళ్ళ ఇల్లు ఉండేది. టంగుటూరి ప్రకాశం తండ్రి పోయాక, ఆయన తల్లి ఒంగోల్లో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లల్ని చదివించింది. పై చదువుకి ప్రకాశాన్ని రాజమండ్రి తీసుకెళ్ళి చేర్చింది ఆయన గురువు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు. (కన్యాశుల్కంలో గిరీశం కూడా పూటకూళ్ళమ్మ దగ్గర తిన్నవాడే. వెంకటేశానికి ఆయన దగ్గర బాగా వచ్చిన విద్య చుట్ట కాల్చడం ఒక్కటే. తెలుగు సాహిత్యంలో తొలి సీనియర్ అని ఆయన్ని అనుకోవచ్చేమో.)

ఏలూరు, పెదపాడు, కొల్లేటి లంకల పిల్లలకి డిగ్రీ చదువంటే చాలాకాలం బందరో, రాజమండ్రో. బందరులో రాబర్ట్ నోబుల్ బడి పెట్టింది 1843లో, తర్వాత అదే నోబుల్ కాలేజీ అయింది. లంక గ్రామం నుంచి బయల్దేరినవాడు ముందు పడవెక్కాలి. చదువులు మొదలయ్యేదీ వానాకాలంలోనే, బుడమేరు, తమ్మిలేరు పొంగి కొల్లేరు నిండేదీ వానాకాలంలోనే. అంటే చేరిన మొదటి వారంలో బెంగపెట్టుకుని ఇంటికి పారిపోదామన్నా దారి సులువుగా ఉండేది కాదు.

1945లో ఏలూరులో సర్ సి.ఆర్. రెడ్డి కాలేజీ, అదే ఏడాది భీమవరంలో డి.ఎన్.ఆర్. కాలేజీ వచ్చాయి. పెదపాడు కుర్రాడు సైకిల్ మీద ఏలూరు వెళ్ళి, క్లాసులు విని, సాయంత్రానికి ఇంటికొచ్చి అన్నం తినగలిగాడు. డే స్కాలర్ అనే మాట వెనక ఉన్న సుఖం అదే. ఎవరి వంటింటి ముందూ నిలబడక్కర్లేదు. 1989లో మా పెదపాడు మండలంలోనే, వట్లూరులో ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది. తీరా నాకు సీటు వచ్చింది ఇంకో జిల్లాలో.

ఈలోపు ఇంకో దారి నడుస్తూ వచ్చింది, కులం పేరున హాస్టళ్ళు. హైదరాబాదులో రాజా బహదూర్ వెంకట్రామారెడ్డి 1918లో పెట్టిన రెడ్డి హాస్టలు అందరికీ తెలిసిన ఉదాహరణ. కోస్తా పట్నాల్లోనూ ఒక్కో కులం తన పిల్లల కోసం హాస్టలు కట్టుకుంది. వీటిని ఇవాళ తేలిగ్గా వెక్కిరించవచ్చు, కానీ తినడానికి చోటు దొరక్క చదువు మానేసినవాళ్ళున్న కాలమది. దళితుల పిల్లలకి ఆ గుమ్మాలూ తెరుచుకోలేదు. వాళ్ళకి ముందు దొరికింది మిషన్ బోర్డింగు, ఆ తర్వాత సాంఘిక సంక్షేమ హాస్టలు. అక్కడ చారు నీళ్ళలా ఉండేదన్న మాట ఎన్ని ఆత్మకథల్లో వినలేదు! కానీ అడుక్కోకుండా, ఎవరి వసారాలోనూ వంగకుండా తిన్న కూడు అది.

అందర్నీ ఒకే బంతిలో కూర్చోబెట్టాలని ప్రభుత్వం గట్టిగా ప్రయత్నించింది 1971లో. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా నల్గొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల మొదలైంది. 1986 నుంచి నవోదయలు వచ్చాయి. 2008లో ట్రిపుల్ ఐటీలు: బాసర, ఇడుపులపాయ, నూజివీడు. 2022లో జిల్లాలు విడదీశాక నూజివీడు మన ఏలూరు జిల్లాకే వచ్చింది. పదో తరగతి కాగానే ఆరేళ్ళ చదువు, ప్రతి మండలం నుంచీ ఎంపిక, ఒక్కో క్యాంపస్‌లో మొదటి ఏడాది దాదాపు రెండు వేలమంది. అప్పట్లో చాన్సలర్‌గా రాజ్ రెడ్డి ఉండేవారు, ట్యూరింగ్ అవార్డు తీసుకున్న మనిషి. పత్రికలన్నీ లాప్‌టాప్‌ల గురించి రాశాయి. నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగా ఉండేది మెస్. అంతవరకూ అమ్మ చేతి అన్నం తప్ప తెలియని పదిహేనేళ్ళ పిల్లలు, రాష్ట్రంలోని నానా ఊళ్ళవాళ్ళు, ఒకేసారి ఒకే గంటకి పళ్ళేలు పట్టుకుని వరసలో నిలబడటం! వారాలబ్బాయికి ఈ దృశ్యం చూపిస్తే నమ్మేవాడు కాదు.

మరి ఒకే బంతిలో కూర్చుంటే లెక్క తీరిపోయిందా?

నేను చదివిన కాలేజీ పేరు ఇక్కడ అనవసరం. మొదటి వారం రాత్రి పదకొండింటికి సీనియర్లు తలుపు కొట్టి "ఇంట్రో ఇవ్వరా" అనేవాళ్ళు. పేరు, ఊరు చెప్పాలి. తర్వాత పూర్తి పేరు, అంటే ఇంటిపేరుతో. తర్వాత "ఎంసెట్ ర్యాంకెంత?" ఇది చదువు గురించిన ప్రశ్న అని నేను రెండు రోజులు నమ్మాను. మూడో రోజుకి మా ఫ్లోర్‌లో ఎవరు ఏ కేటగిరీయో అందరికీ తెలిసిపోయింది. నాలుగో రోజుకి మెస్‌లో బల్లలు వాటంతటవే సర్దుకున్నాయి. ఎవరూ ఎవర్నీ లేవమనలేదు. ఖాళీగా ఉన్న కుర్చీ మీద బ్యాగు పెట్టి "మనవాడొస్తాడు" అనేవాళ్ళంతే. నన్ను కొట్టలేదు, పాటలు పాడించారు, గోడకుర్చీ వేయించారు. అవి నవ్వుకునే జ్ఞాపకాలయ్యాయి. ఆ కుర్చీ మీది బ్యాగు మాత్రం కాలేదు.

చట్టాలు లేక కాదు. ఆంధ్రప్రదేశ్‌లో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997లోనే వచ్చింది. 2009 మార్చిలో హిమాచల్‌లో అమన్ కచ్రూ అనే వైద్య విద్యార్థి చనిపోయాక, యూజీసీ దేశమంతటికీ నిబంధనలు తెచ్చింది: పిల్లలూ తల్లిదండ్రులూ సంతకం చేసే అఫిడవిట్లు, కొత్తవాళ్ళకి వీలైనంతవరకు వేరే బ్లాకు. తలుపు కొట్టడాలు తగ్గాయి, అది చిన్న విషయం కాదు. ఇంకో మార్పు గురించి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడరు. కులం, మతం, ప్రాంతం, భాష, ఆర్థిక స్థితి కారణంగా తోటి విద్యార్థిని వేధించినా, వెలివేసినా అదీ ర్యాగింగే అని యూజీసీ 2016లో చేర్చింది. వెలివేయడాన్ని చేర్చారంటే ఆ బ్యాగు సంగతి ఎవరికో తెలుసన్నమాట.

2017 ప్రాంతంలో ఏఐసీటీఈ మూడు వారాల ఇండక్షన్ ప్రోగ్రామ్ పెట్టింది. వ్యాయామం, లలిత కళలు, మానవ విలువలు, ప్రముఖుల ఉపన్యాసాలు, చుట్టుపక్కల ప్రాంతాల సందర్శన. మంచి ఆలోచనే, మా రోజుల్లో ఉంటే సంతోషించేవాణ్ణి. కానీ ఆ జాబితాలో మెస్ లేదు. రోజుకి మూడు పూటలు పిల్లలు నిజంగా కలిసే చోటు అదొక్కటే. మొదటి వారం బల్లల దగ్గర పేర్లు చీటీలేసి కూర్చోబెట్టడానికి ఎంత ఖర్చవుతుంది?

మా అక్కయ్య కూతురు పోయినేడు ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చేరింది. మొదటి వారం చివర్లో ఫోన్ చేస్తే సాంబారు గురించి పది నిమిషాలు చెప్పింది. రూమ్‌లో అందరూ తెచ్చుకున్న పచ్చళ్ళలో ముందు ఎవరిది తెరవాలో ఓటింగ్ పెట్టుకున్నారట, గోంగూర గెలిచిందట. నేను మెల్లగా అడిగాను, "ఎవరైనా ఇంటిపేరు, ర్యాంకు, అవీ అడిగారా?" అని.

"అడగడమెందుకు మామయ్యా," అంది. "సెలక్షన్ లిస్టులో అందరి పేరు పక్కనా కేటగిరీ ఉంటుందిగా. చేరకముందే వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు."