పెంటయ్య : ఒక పురుషనామ విచారము

నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ ప్రాంతమునందును, మహబూబునగరపు మెట్టసీమయందును పెద్దవయసువారిలో పెంటయ్య, పెంటమ్మ యను పేర్లు తఱచుగా వినవచ్చును. ఒకప్పుడు మా తరగతిలో హాజరు పిలుచునపుడు ఈ పేరు విని తోడివారు నవ్విరి. ఆ విద్యార్థి తల వంచుకొనెను. పిమ్మట మాయొద్దకు వచ్చి, పేరు మార్చుకొనుటకు ఎవరికి దరఖాస్తు పెట్టవలెనని యడిగెను. ఈ విచారమునకు మేము పూనుకొనుటకు అదియే కారణము.

పెంట శబ్దమునకు రెండర్థములు ఇచట పరిశీలింపదగినవి. చెత్త, పేడ పోగువేయు చోటు ఒకటి, గూడెము రెండవది. అమ్రాబాదు పీఠభూమిమీద చెంచులు తమ నివాసములను నేటికిని పెంటలనియే యందురు. హైమెండార్ఫు 1943లో ప్రకటించిన చెంచుల గ్రంథమునకు ఆధారమైనదియు ఈ సీమయే. కావున పెంటయ్య యనగా గూడెపు పెద్ద యని చెప్పుటకు అవకాశము లేకపోలేదు. అది గౌరవప్రదమగు అర్థము; మనసు అటు మొగ్గుట సహజము. మేము మాత్రము దాని నంగీకరింపజాలము.

ఈ పేరు ఒంటరిది కాదు. పుట్టిన బిడ్డలు వరుసగా దక్కని యింట, తరువాతి శిశువును పెంటకుప్పపై పరుండబెట్టి, పాఱవేసినట్లు నటించి, మరల ఎత్తుకొని వచ్చుట తెలుగువారి ప్రాచీనాచారము. అట్టి బిడ్డ పెంటయ్య, ఆడుబిడ్డయైన పెంటమ్మ. ఎంగిలి విస్తరిపై నుంచిన బిడ్డ పుల్లయ్య. తవుడిచ్చి పొరుగువారియొద్ద కొన్నట్లు చేసిన బిడ్డ ఉత్తరాంధ్రమున తవిటయ్య. బిచ్చమయ్య యనునదియు ఈ కోవలోనిదే. భిక్షపతి శివనామము కూడ కావున దాని నిచట చేర్చుటకు జంకుచున్నాము. తమిళుల కుప్పుసామియందలి కుప్పై శబ్దమునకు చెత్త యనియే యర్థము. ఈ పేర్ల వరుసలో గూడెపు పెద్దకు తావేది? ఆడుబిడ్డలకును ఈ పేరు సమముగా పెట్టుట మఱియొక సాక్ష్యము.

ఇట్టి నామములు మనకే ప్రత్యేకములు కావు. ఐరోపాలో సెర్బులకు వూక్ అను పురుషనామము కలదు. దాని యర్థము తోడేలు. సంస్కృత వృకశబ్దమునకు జ్ఞాతిపదము. వృకోదరుని చదివిన మనవారికి ఈ చుట్టరికము వింతగొల్పును. సెర్బుల భాషాసంస్కర్తయగు వూక్ కరాజిచ్ (1787-1864) 1818లో వియన్నాలో ప్రకటించిన నిఘంటువునందు ఈ పేరునకు కారణము వ్రాసెను. బిడ్డలు దక్కని తల్లి, వారిని మంత్రగత్తెలు భక్షించుచున్నారని తలచి, తోడేలు జోలికి వారు రారను నమ్మకముతో ఈ పేరు పెట్టునట. ఆయనకు ఆ పేరు వచ్చినదియు అట్లే. ప్రజల వాడుకభాషకై పోరాడిన ఆయనను మన గిడుగువారితో పోల్చవచ్చును. అది వేఱొక వ్యాసమునకు తగిన విషయము.

సెర్బు తల్లి మృత్యువును బెదరింపజూచినది. మన తల్లి బిడ్డను పనికిరాని వస్తువుగా చూపి దానిని ఏమార్చజూచినది. పెంట నిజముగా పనికిరానిదా యన్నచో, ఎఱ్ఱచెలకల రైతు ఒప్పుకొనడు. తొలకరికి ముందు పెంటకుప్పలను బండ్ల కెత్తి చెలకలకు తోలుట అతని ముఖ్యమగు పని. అయినను పేరు పెట్టిన తల్లి కోరినది ఆ హేయత్వమునే కాని సారమును కాదని మా యభిప్రాయము.

ఈ సంగతులు చెప్పినపుడు, తనకు ముందు ఇద్దఱు అన్నలు పురిటిలోనే పోయిరని నాయనమ్మ చెప్పెడిదని ఆ విద్యార్థి జ్ఞప్తికి తెచ్చుకొనెను. దరఖాస్తు నమూనా మాత్రము వ్రాసికొనియే వెళ్ళెను.