ఓరుగంటి మీనపాకము

ఖిలా వరంగల్లులోని శిలాతోరణములను జూచువారికి కాకతీయుల శిల్పవైభవము తెల్లమగును. కాని యా తోరణముల నడుమ నివసించిన జనులు ఏమి వండుకొని తినిరో ఆ రాళ్లు చెప్పవు. రాజవంశావళిని గూర్చుకొన్నంత సులభముగా వంటయింటి చరిత్రమును గూర్చుకొనలేము. అందుచేత, నిప్పులపై గాల్చి, కొత్తిమీరయు నిమ్మపులుసును జేర్చి తిను చేప నొక్కదానినే తీసికొని, అం దెంతవఱకు బ్రాచీనత గలదో విచారింతము.

ఓరుగల్లు సముద్రమునకు దూరమైనను నీటికి దూరము గాదు. పాకాల చెరువు, రామప్ప చెరువు గణపతిదేవుని కాలమునాటివి. అవి పైరులకై త్రవ్వబడినవే యైనను, నీరు నిలిచినచోట మీనము పెరుగక మానదు.

పాకవిధానమునకు బ్రబలసాక్ష్యము మానసోల్లాసము. కల్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు దీనిని క్రీ. శ. 1129 ప్రాంతమున రచించెను. కాకతి రెండవ ప్రోలరాజు ఆ చాళుక్యులకు సామంతుడు. స్వాతంత్ర్యమును జాటిన రుద్రదేవుని హనుమకొండ శాసనము 1163 నాటిది. కావున నీ గ్రంథము మన సీమకు బరాయిది గాదు. అందు మత్స్యవినోదమున ముప్పదికి మించిన మీనజాతులు పేర్కొనబడినవి. అన్నభోగమున చేపముక్కలను గడిగి, చింతపండు పులుసుతో నుడికించి, గోధుమపిండి చల్లి, నూనెలో వేచి, సైంధవలవణము, ఏలకులపొడి, మిరియపుపొడి చేర్చు విధము గలదు. పులుపు చేపకు దోడగుట నాటికే స్థిరపడినదన్నమాట. ఇక మాంసమును శూలమునకు గ్రుచ్చి కాల్చుట కంటెను బ్రాచీనము. భటిత్రము, శూల్యము అను పేళ్లు అమరకోశముననే యున్నవి. జంబీరము, కుస్తుంబురువు, అనగా నిమ్మయు కొత్తిమీరయు, అందే కలవు.

“క్రీడాభిరామమున ఓరుగంటి భోజనము వర్ణింపబడినది గదా, అందు చేప లేదేమి?” అని కొంద రడుగవచ్చును. అం దున్నది లక్ష్మణవజ్ఝల యింట రూక కొక పూట పెట్టు భోజనము. బ్రాహ్మణుని పూటకూటియింట నేయి, పెసరపప్పు, అరటిపండ్లు, పెరుగు ఉండుట సహజము. ఒక యింటి విస్తరిని జూచి నగర మంతయు నట్లే భుజించెననుట తర్కము గాదు.

అయితే మఱియొక పొరపాటును గూడ వారింపవలెను. నేడు చేపకు బట్టించు ఎఱ్ఱని కారమును రుద్రమదేవి కాలమున కంటగట్టరాదు. మిరపకాయ అమెరికాఖండమునుండి వచ్చినది. పోర్చుగీసులు 1498లో గాని యీ దేశమున నడుగిడలేదు. ఓరుగల్లు 1323లోనే పడిపోయెను. ఆనాటి కారము మిరియము. గణపతిదేవుని మోటుపల్లి శాసనము (1244) పేర్కొన్న వర్తకద్రవ్యములలో నదియు నొకటి.

ఉప్పు, పసుపు, మిరియము, అల్లము పట్టించి, కణకణలాడు బొగ్గులపై గాల్చి, దించినపిదప కొత్తిమీర చల్లి నిమ్మరసము పిండుట నేటికిని జక్కని పాకము. చేప నీచునకు గారణము క్షారగుణము గల ద్రవ్యములు. నిమ్మయందలి ఆమ్లము వానిని విఱుచును. ముందుగనే రసమున జాలసేపు నాననిచ్చిన మాంసము బిఱుసగును గనుక, తుదకు బిండుటయే మేలు.

ఈ పాకమున బ్రతి యంగమును కాకతీయుల కాలమున లభ్యమే. అయినను అవి యన్నియు నొక్క పళ్లెమున జేరెనని సాక్ష్యము లేనిదే చెప్పరాదు. సాధ్యమును సిద్ధముగా జెప్పకుండుటయే చరిత్రకారునకు మొదటి నియమము. రాజభోజనములు గ్రంథములకెక్కినవి, చెరువుగట్టున చేపను గాల్చుకొన్న జాలరి భోజన మెక్కలేదు. ఎక్కనంతమాత్రమున నది లేకపోలేదు.