ఇంగ్లండు పల్లె చర్చి పుస్తకములు – వంశచరిత్ర

ఇంగ్లండునందు కూలివాని వంశమును సైతము కొన్ని శతాబ్దుల వెనుకకు వెదుకుటకు వీలు కలదు. ఒక చర్చికి లోబడిన గ్రామసీమను పారిష్ అందురు. ప్రతి పారిష్‌నందును బాప్తిస్మములు, వివాహములు, భూస్థాపనలు వ్రాసియుంచవలెనని 1538లో థామస్ క్రామ్వెల్ ఆజ్ఞాపించెను. మన కరణముల లెక్కలు ప్రధానముగ భూమిని, శిస్తును గూర్చినవి. అచ్చటనో, గొఱ్ఱెల కాపరి బిడ్డకును ఒక పంక్తి దక్కినది.

హాంప్‌షైరులోని సెల్బోర్ను అట్టి చిన్న పల్లె. 1789లో దాని ప్రకృతిచరిత్రను ప్రకటించిన గిల్బర్ట్ వైట్ ఆ పుస్తకములను లెక్కించి, 1720 మొదలు 1779 వఱకు 980 బాప్తిస్మములు, 640 భూస్థాపనలు జరిగెనని వ్రాసెను. ఆయన నాటి జనసంఖ్య 676. పుట్టినవారు 340 మంది యెక్కువ. కొందఱు ఊరనే నిలిచియుందురు, తక్కినవారెచ్చటికేగిరి? వంశము వెదకువానికి త్రోవ తెగునది ఇచ్చటనే.

త్రోవ మరల దొరకునది చర్చిపెట్టెలోని వేఱు కాగితములలో. 1662 నాటి చట్టము ననుసరించి, వలసవచ్చిన బీదవాడు పారిష్‌కు భారమగునని తోచినచో వానిని న్యాయాధికారుల యెదుట నిలిపి, ఎచ్చట పుట్టితివి, ఎవరియొద్ద కొలువు చేసితివి, ఎప్పుడు పెండ్లాడితివి యని ప్రమాణపూర్వకముగ నడిగి వ్రాసికొని, స్వస్థలమునకు పంపుచుండిరి. వెడలగొట్టుటకు వ్రాసిన కాగితమే నేడు వాని సంతతికి ఆధారమైనది! అయితే ఇవి అన్ని యూళ్లలో మిగులలేదు.

1754 నుండి వధూవరులు వివాహపుస్తకమున సంతకము చేయవలసివచ్చెను. అక్షరము రానివారు గీటు పెట్టిరి. బడిపంతులనగు నేను ఆ గీటును గూర్చి చదివినప్పుడు కొంతసేపు ఆగిపోయితిని.

వెదకువారికొక హెచ్చరిక: 1752కు పూర్వము అచ్చట సంవత్సరము మార్చి 25న మొదలయ్యెడిది. కావున 1720 ఫిబ్రవరియని యున్నచో మన లెక్కకు అది 1721.