గుహ్యవ్రణములు: నామములును చికిత్సలును

రోగములకు నామము లేర్పడుటలో రెండు మార్గములు గానవచ్చును. కొన్నింటికి లక్షణమును బట్టియు, కొన్నింటికి పరజనులను బట్టియు బేళ్లు గలిగినవి. గుహ్యవ్రణముల చరిత్రమున నీ రెండును గలవు.

సుశ్రుతసంహిత నిదానస్థానమున 12వ యధ్యాయము ఉపదంశమును వాత, పిత్త, కఫ, సన్నిపాత, రక్త భేదములచే నైదు విధములుగా విభజించినది. స్నేహస్వేదములు, సిరావేధము, జలౌకలు, ప్రక్షాళనము దీనికి చికిత్సలు. ఫిరంగరోగ మను పేరు సుశ్రుతమున లేదు. 16వ శతాబ్దమున భావమిశ్రుడు భావప్రకాశమున దానిని వర్ణించి, రసకర్పూరమును చోపచీనిని విధించెను. చోపచీనియే తెలుగువారి పరంగిచెక్క. రోగమును మందును గూడ పరంగివారి పేరనే చెల్లుట గమనింపదగినది.

తూర్పుకనుమలలో నిట్టి నామమే మఱియొకటి గలదు. కొండగూడెములలోని పిల్లలను పుండ్లతో బాధించిన యాస్ వ్యాధికి కోయరోగ మని వ్యవహారము. దీని క్రిమి ఫిరంగరోగక్రిమికి సోదరప్రాయమే. ఐనను నిది సంభోగజన్యము గాదు. పుండు చర్మమునకు దాకుటచే ముఖ్యముగా బాలురనుండి బాలురకు వ్యాపించును.

ఈ చిక్కు విడుటకు 1905వ సంవత్సరము మూలమైనది. ఆ యేట షౌడిన్, హాఫ్‌మన్ అను పండితులు బెర్లినున ఫిరంగరోగక్రిమిని, కాస్టెల్లాని సింహళమున యాస్ క్రిమిని గనుగొనిరి. మద్రాసు జనరల్ ఆసుపత్రిలో చార్లెస్ డోనవన్ వేఱొక గుహ్యవ్రణమున సూక్ష్మజీవులను గాంచెను. ఆంధ్రతీరమునను జిరకాలము నెలకొనిన యీ మూడవ వ్యాధికి డోనవనోసిస్ అని పేరు.

క్రిమిభేదమే చికిత్సాభేదమునకు గారణము. మొదటి రెంటికి పెనిసిలిన్ దివ్యౌషధము. డోనవనోసిస్‌న కది పనిచేయదు. పూర్వ మాంటిమొనీ లవణమును, పిమ్మట స్ట్రెప్టోమైసినును వాడిరి. నేడు అజిత్రోమైసినును మూడువారములకు దక్కువ గాకుండ, పుండు పూర్తిగా మానువఱకు నిత్తురు.

అరకులోయకు బొరుగుననున్న కోరాపుట్ జిల్లాలో 1996-97లో యాస్ నిర్మూలనకార్యక్రమ మారంభమై, పిమ్మట ఆంధ్రదేశపు మన్యములకును వ్యాపించెను. ఇల్లిల్లు వెదకి, రోగికిని వానితో మెలగువారికిని దీర్ఘకాలము పనిచేయు పెనిసిలిన్ సూది యొక్కటి వేసిరి. 2003 తరువాత గ్రొత్తరోగి కానరాలేదు. 2006లో భారతప్రభుత్వము నిర్మూలనమును బ్రకటించెను. 2016లో ప్రపంచ ఆరోగ్యసంస్థ దాని నంగీకరించెను.

నిఘంటుకారు లీ భేదమును మఱవరాదు. కోయరోగమునకు సవాయి యని యర్థము వ్రాసినచో, నిరపరాధులైన శిశువులపైని, వారి జాతిపైని నింద మోపినట్లగును.