థైరాయిడ్ లోపం: చికిత్స కాలంలో శరీర బరువు నియంత్రణ

థైరాయిడ్ గ్రంథి తగినంత హార్మోన్‌ను ఉత్పత్తి చేయనందువల్ల పెరిగే బరువు సాధారణంగా 2 నుంచి 5 కిలోలకు మించదు. అందులో అధిక భాగం శరీరంలో నిలిచిపోయిన ఉప్పు, నీరు. లెవోథైరాక్సిన్ మాత్రలతో ఈ భాగం క్రమేణా తగ్గుతుంది.

మాత్రను ఉదయం పరగడుపున నీటితో వేసుకొని, అల్పాహారానికి 30 నుంచి 60 నిమిషాలు ఆగవలసి ఉంటుంది. కాల్షియం, ఐరన్ మాత్రలకు 4 గంటల వ్యవధి పాటించాలి. మోతాదు మార్చిన 6 నుంచి 8 వారాలకు టి.ఎస్.హెచ్. పరీక్ష అవసరం.

టి.ఎస్.హెచ్. సాధారణ స్థాయికి చేరిన పిమ్మట కూడా తగ్గని బరువుకు మితాహారం, వ్యాయామమే మార్గాలు. బరువు తగ్గడానికై మోతాదును సొంతంగా పెంచుకుంటే గుండె లయ తప్పే, ఎముకలు బలహీనపడే ప్రమాదం ఉంది. బరువు తగ్గలేదని వైద్యుని సలహా లేకుండా మాత్రలు మానివేయడమూ తగదు.