వేడమ్మ, బరువమ్మ, జేబు కెమెరా

1990ల మొదట్లో టోక్యోలోని కాసియో కంపెనీ ఇంజనీర్లు ఒక డిజిటల్ కెమెరా నమూనా తయారుచేశారు. దానికి వాళ్లే రెండు ముద్దుపేర్లు పెట్టుకున్నారు: అత్సుకో, ఓమోకో. మన ఇళ్లలో పిలుచుకునే తీరులో చెప్పాలంటే వేడమ్మ, బరువమ్మ. పేర్లు ఊరికే రాలేదు. ఆ నమూనా దాదాపు మూడు కిలోలుండేది. ఆన్ చేస్తే లోపలి సర్క్యూట్లు ఎంత వేడెక్కేవంటే, చల్లబరచడానికి ఒక ఫ్యాన్ కూడా బిగించాల్సి వచ్చింది. దాన్ని జేబులో వేసుకుని తిరగొచ్చని అప్పుడెవరైనా అంటే నవ్వి ఊరుకునేవారు.

కాసియోకి అప్పటికే కెమెరా చేతిలో ఒకసారి దెబ్బ తగిలింది. 1987లో వీఎస్-101 అని ఒక ఎలక్ట్రానిక్ కెమెరా తెచ్చారు. బొమ్మను చిన్న ఫ్లాపీ మీద అనలాగ్ సిగ్నల్‌గా రాసుకునే రకం. జనం కొనలేదు. కాలిక్యులేటర్లు, గడియారాలు అమ్ముకునే కంపెనీకి ఈ కెమెరాల గొడవ ఎందుకు అని ఎవరైనా అంటారు. హిరోయుకి సుయెతాకా అనే ఇంజనీరు, ఆయన జట్టు మాత్రం పట్టు వదల్లేదు. వేడి తగ్గించారు, బరువు తగ్గించారు, చివరికి అరచేతిలో పట్టే వస్తువును తెచ్చి బల్ల మీద పెట్టారు. 1994 నవంబరులో ప్రకటించి, 1995 మార్చిలో 65,000 యెన్లకు అమ్మకానికి పెట్టిన ఆ కెమెరా పేరు క్యూవీ-10.

దాన్ని ఇవాళ చూస్తే ముందు కనిపించేవి లోపాలే. ఫ్లాష్ లేదు. జూమ్ లేదు. మెమరీ కార్డుకి చోటు లేదు, ఉన్నదంతా లోపలి 2 మెగాబైట్ల మెమరీయే, అందులో 96 ఫొటోలు పట్టేవి. నాలుగు పెన్సిల్ సెల్లులు వేయాలి. ఫొటో కొలత 320×240, అంటే మొత్తం 76,800 చుక్కలు. పెళ్లిళ్లలో అరిగిపోయిన రీలు కెమెరా కూడా దీనికంటే ఎంతో మేలైన ఫొటో తీసేది. ఇన్ని లోపాలున్నా క్యూవీ-10 అమ్ముడుపోయింది. డిజిటల్ కెమెరాను మామూలు ఇళ్లలోకి తీసుకెళ్లిన ఘనత చాలామంది చరిత్రకారులు దీనికే కట్టబెడతారు.

కారణం దాని వీపు మీద ఉంది: 1.8 అంగుళాల రంగుల తెర. ఫొటో తీస్తూ అందులో చూడొచ్చు, తీశాక అందులోనే చూసుకోవచ్చు, నచ్చకపోతే చెరిపేయొచ్చు. కాసియో 1980ల నుంచీ అరచేతి టీవీలు చేస్తూ వచ్చింది కాబట్టి చిన్న తెరలు వాళ్లకు కొత్త కాదు. పైగా ఎడమ పక్కన లెన్సు ఉన్న భాగం గిర్రున తిరుగుతుంది. దాన్ని మన వైపు తిప్పుకుంటే తెరలో మన ముఖమే కనిపిస్తుంది. సెల్ఫీ అన్న మాట ఎవరికీ తెలియని రోజుల సంగతి ఇది. ఏడాది ముందు ఆపిల్ తెచ్చిన క్విక్‌టేక్ 100తో పోల్చండి. అది 640×480 కొలతతో ఫొటో తీసేది, అంటే కాసియో కంటే నాలుగింతలు వివరం. కానీ వెనక తెర లేదు. తీసింది ఎలా వచ్చిందో తెలియాలంటే ఇంటికెళ్లి కంప్యూటర్‌కి తగిలించాల్సిందే. బొమ్మ నాణ్యతలో గెలిచిన కెమెరా చూపించడంలో ఓడింది.

ఇక్కడ ఇరవై ఏళ్లు వెనక్కి వెళ్లాలి. 1975 డిసెంబరులో అమెరికాలోని రోచెస్టర్‌లో, కొడాక్ ప్రయోగశాలలో స్టీవెన్ సాసన్ అనే పాతికేళ్ల ఇంజనీరు మొదటి చేతి డిజిటల్ కెమెరాను నిలబెట్టాడు. లెన్సు ఒక సూపర్ 8 సినిమా కెమెరా భాగాల్లోంచి తెచ్చాడు. సెన్సర్ ఫెయిర్‌చైల్డ్ కంపెనీ సీసీడీ, అంటే వెలుగును విద్యుత్ సంకేతంగా మార్చే చిప్పు. బొమ్మ దాచుకోవడానికి మామూలు క్యాసెట్. బరువు 3.6 కిలోలు. 100×100 చుక్కల నలుపు తెలుపు బొమ్మ క్యాసెట్‌లోకి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. అది టీవీ తెర మీద కనిపించడానికి మళ్లీ అంత సమయం.

కంపెనీ పెద్దలకు చూపిస్తే వాళ్లు వేసిన ప్రశ్న: తన ఫొటోను టీవీలో చూసుకోవాలని ఎవరికి ఉంటుంది? ఇది రీలుతో ఎప్పటికి పోటీ పడుతుందని కూడా అడిగారు. ఆ రోజుల్లోని చిన్న రీలు కెమెరాతో సమానంగా నిలవాలంటే సుమారు 20 లక్షల పిక్సెళ్లు కావాలని సాసన్ లెక్కగట్టాడు. చిప్పుల మీద ట్రాన్సిస్టర్లు పెరిగే వేగాన్ని బట్టి 15 నుంచి 20 ఏళ్లు పడుతుందన్నాడు. కాలం విషయంలో ఆయన అంచనా బాగానే కుదిరింది, క్యూవీ-10 వచ్చింది సరిగ్గా ఆ వేళకే. అయితే కొడాక్ చూసుకున్న లెక్కంతా రీలుతో సమానం కావడం గురించే. కాసియో ఆ పందెంలోకే దిగలేదు. 20 లక్షలు కావాలన్న చోట 77 వేల చుక్కలతో సరిపెట్టి, టీవీలో ఎవరు చూస్తారన్న ప్రశ్నకు టీవీనే కెమెరా వీపుకి అంటించి జవాబిచ్చింది.

దారి వేసినవాళ్లు ఇంకా చాలామంది. 1969లో బెల్ ల్యాబ్స్‌లో విలర్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ సీసీడీకి రూపమిచ్చారు, 2009లో నోబెల్ అందుకున్నారు. కొడాక్‌లోనే బ్రైస్ బేయర్ సెన్సర్ మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం గళ్లు పరిచి రంగు బొమ్మను సాధ్యం చేశాడు. మన కన్ను ఆకుపచ్చ వెలుగును ఎక్కువగా పట్టుకుంటుంది కాబట్టి ఆకుపచ్చ గళ్లు రెట్టింపు పెట్టాడు. తోషిబాలో ఫుజియో మసుఓకా ఫ్లాష్ మెమరీ కనిపెట్టాడు. 1992లో జేపెగ్ ప్రమాణం ఖరారై ఫొటోలను కుదించి దాచుకునే వీలు చిక్కింది. ఇవన్నీ ఒకచోట చేరాకే వేడమ్మ చల్లబడింది.

2000 తర్వాత పోటీ పలుచదనం మీదికి మళ్లింది. నాకు ఈ కథ మొత్తంలో ముచ్చటేసే ఘట్టం ఇదే. జూమ్ లెన్సంటే అద్దాల వరుస, దానికి పొడవు కావాలి. జేబుకి కావలసింది పలుచదనం. 2002లో మినోల్టా డిమాజ్ ఎక్స్‌లో ముందు ఒక పట్టకం పెట్టి వెలుగును 90 డిగ్రీలు కిందికి వంచారు. అద్దాలు కెమెరా ఒంట్లోనే నిలువుగా కదులుతాయి, లెన్సు బయటికి పొడుచుకు రాదు. మరుసటి ఏడాది పెంటాక్స్ ఆప్టియో ఎస్‌లో ఇంకో ఎత్తు వేశారు. ఆఫ్ చేయగానే లెన్సు లోపలికి ముడుచుకుంటుంది, ముడుచుకునేటప్పుడు మధ్యలోని ఒక అద్దాల గుంపు వరుసలోంచి తప్పుకుని పైకి జరుగుతుంది, మిగతావి ఆ ఖాళీలోకి వచ్చి కూర్చుంటాయి. మందం సుమారు 2 సెంటీమీటర్లు. కెమెరా మొత్తం ఒక పిప్పరమెంటు బిళ్లల రేకు డబ్బాలో పట్టేది. మూడు రెట్ల జూమ్‌తో సహా!

ఇంత చిన్న ఒంట్లో లెన్సు ఇమడాలంటే సెన్సర్ చిన్నదై తీరాలి. ఆ రోజుల్లో చాలా జేబు కెమెరాల్లో ఉన్న సెన్సర్ సుమారు 5.8×4.3 మిల్లీమీటర్లు. 35 ఎంఎం రీలు గడి 36×24. వైశాల్యంలో ముప్పై అయిదింతల తేడా. జేబు కెమెరా మంచీ చెడూ దాదాపు అన్నీ ఈ ఒక్క అంకెలోంచే పుట్టాయి.

ముందు మంచి. సెన్సర్ చిన్నదైతే లెన్సు నాభ్యంతరం కూడా చిన్నదవుతుంది. ఆప్టియో ఎస్ లెన్సు మీద రాసి ఉండేది 5.8–17.4 ఎంఎం. దానివల్ల ముందు వరుసలో కూర్చున్న పిల్లల నుంచి వెనక నిలబడ్డ పెద్దనాన్న దాకా అందరూ స్పష్టంగా వస్తారు. పెద్ద కెమెరా పట్టిన కొత్తవాడు ఒకరి ముఖం తేటగా, ఇంకొకరి ముఖం మసకగా తీసే చోట జేబు కెమెరాతో పదేళ్ల పిల్ల కూడా గ్రూపు ఫొటో చెడగొట్టదు. ముగ్గులో పాకే చీమనో, ముక్కుపుడకనో దగ్గరికెళ్లి తీయాలన్నా ఇదే సులువు. ఎంతమంది బంధువులున్నా ఎవరూ బిగుసుకుపోరు, ఎందుకంటే ఆ వస్తువును చూసి భయపడేదేమీ లేదు.

ఇక చెడు. వెనకది మసకబారి ముఖం ఒక్కటే తేలే ఫొటో కావాలంటే దీనితో కుదరదు. సాయంత్రమైతే వెలుగు చాలదు, బొమ్మంతా ఇసుక చల్లినట్టు గరుకు. ఫ్లాష్ వేస్తే అది లెన్సుకి మరీ దగ్గరగా ఉండటంతో వెలుగు కంటి వెనక పొరను తాకి నేరుగా లెన్సులోకే తిరిగొచ్చి అందరికీ ఎర్ర కళ్లు. అన్నిటికంటే విసిగించేది ఆలస్యం. బటన్ నొక్కాక లెన్సు ముందుకూ వెనక్కూ జరిగి, ఎక్కడ బొమ్మ పదునుగా ఉందో వెతుక్కుని, అప్పుడు క్లిక్‌మంటుంది. పెళ్లిలో దోసిలి నిండా తలంబ్రాలు పైకెత్తినప్పుడు నొక్కితే, ఫొటోలో తలంబ్రాలు తల మీంచి జారి ఒళ్లో పడి ఉంటాయి, పెళ్లికూతురు కళ్లు మూసుకుని ఉంటుంది. 2000ల మొదట్లో అమెరికా నుంచి వచ్చిన బంధువులు తెచ్చిన కెమెరాలతో తీసిన పెళ్లి ఫొటోలు తిరగేసి చూడండి, ఇలాంటివి బోలెడు కనిపిస్తాయి. బటన్‌ను సగం నొక్కి ఫోకస్ ముందే కుదుర్చుకుని, క్షణం రాగానే పూర్తిగా నొక్కాలన్న చిట్కా మాన్యువల్‌లో ఉండేది. మాన్యువల్ చదివిందెవరు?

ఈ లోపాలను సరిచేయొచ్చని చూపించిన కంపెనీ ఒకటుంది. ఫుజీఫిల్మ్ 2005లో ఫైన్‌పిక్స్ ఎఫ్10, 2006లో ఎఫ్30 తెచ్చింది. రెండూ 6 మెగాపిక్సెళ్లే. తోటి కంపెనీలు 8, 10 అని అరుస్తుంటే వీళ్లు అక్కడే ఆగారు. సెన్సర్ మాత్రం మిగతావాటికంటే కాస్త పెద్దది పెట్టారు. ఎఫ్30లో వెలుగును పట్టే సున్నితత్వాన్ని ఐఎస్ఓ 3200 దాకా పెంచొచ్చు, ఫ్లాష్ లేకుండా ఇంట్లో దీపాల వెలుగులో ఫొటో తీయొచ్చు, ఒక్క ఛార్జింగుతో ప్రామాణిక పరీక్షలో 580 ఫొటోలు వచ్చేవి. తక్కువ వెలుగులో దానికి సాటి వచ్చే జేబు కెమెరా అప్పుడు లేదని సమీక్షకులు గట్టిగానే చెప్పారు.

మరి ఫుజీ ఆ దారిలోనే సాగిందా? లేదు. 2007లో వచ్చిన ఎఫ్50ఎఫ్‌డీ 12 మెగాపిక్సెళ్లది. ఉన్న ఎకరాన్నే ఆరుగురికి బదులు పన్నెండుమంది అన్నదమ్ములు పంచుకున్నట్టు, ఒక్కో పిక్సెల్‌కి దక్కే వెలుగు సగమైంది. చీకట్లో గరుకు మళ్లీ తిరిగొచ్చింది. తప్పు ఒక్క ఫుజీదే అనలేం. దుకాణంలో కొనేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న, చాలాసార్లు ఒకే ఒక్క ప్రశ్న, ఎన్ని మెగాపిక్సెళ్లు అన్నదే. నిజానికి ఆల్బమ్‌లో పెట్టుకునే 4×6 అంగుళాల ప్రింటుకి అంగుళానికి 300 చుక్కల చొప్పున వేసుకున్నా కావలసింది సుమారు 21.6 లక్షల పిక్సెళ్లు. సాసన్ 1970ల్లో చెప్పిన 20 లక్షలకు ఇది ఎంత దగ్గరో చూడండి. ఆపైన కొన్నదంతా చాలామంది ఇళ్లలో హార్డ్ డిస్కు నింపడానికే పనికొచ్చింది.

క్యూవీ-10 ఎందుకు నెగ్గిందో పరిశ్రమ మరిచిపోయిందని నా అభిప్రాయం. జనానికి నచ్చింది తీసిన వెంటనే చూసుకోవడం, పక్కవాళ్లకి చూపించడం. కంపెనీలు మాత్రం అంకెలు అమ్ముకుంటూ పోయాయి. చూపించే పనిని ఫోన్ అందుకుంది. మొదటి ఐఫోన్ కెమెరా 2 మెగాపిక్సెళ్లది, ఫ్లాష్ లేదు, జూమ్ లేదు. వినడానికి ఎంతో పరిచయమైన లోపాల జాబితా ఇది. కానీ తెర పెద్దది, తీసింది అక్కణ్నుంచే పంపొచ్చు. జపాన్ కెమెరా తయారీదారుల సంఘం లెక్కల ప్రకారం 2010లో లెన్సు విడదీయలేని కెమెరాలు పది కోట్లకు పైగా దుకాణాలకు వెళ్లాయి. 2023 నాటికి ఆ సంఖ్య 20 లక్షల లోపుకి పడింది. 2012 జనవరిలో కొడాక్ దివాలా రక్షణ కోరింది.

చావు దెబ్బ తిన్నాక గానీ కొన్ని కంపెనీలకు సెన్సర్ గుర్తుకు రాలేదు. 2012లో సోనీ ఆర్ఎక్స్100 వచ్చింది. అందులో సెన్సర్ 13.2×8.8 మిల్లీమీటర్లు, పాత జేబు కెమెరాలకు నాలుగింతలకు పైగా. ఒళ్లు మాత్రం ఇంకా ప్యాంటు జేబులో పట్టేదే. ఈ పని అయిదేళ్ల ముందు చేసి ఉంటే కథ వేరుగా ఉండేదా? కొంత నెమ్మదిగా ఓడేవారేమో. పగటి వెలుగులో, వెంటనే పంపుకునే ఫొటోకి ఇవాళ ఫోన్ చాలు, దానికోసం విడిగా కెమెరా కొనడం దండగ. దూరంగా వేదిక మీద నాట్యం చేస్తున్న కూతురి ముఖం కావాలంటే మాత్రం అసలైన జూమ్ అద్దాలున్న జేబు కెమెరాదే ఇప్పటికీ పైచేయి.

ఈ మధ్య పాతికేళ్ల లోపు పిల్లలు ఆ పాత కెమెరాలనే వెతికి కొంటున్నారు. గట్టి ఫ్లాష్ పడి ముఖం తెల్లగా మెరిసి, వెనకంతా చీకటిగా ఉండే ఫొటో వాళ్లకు ముచ్చట. మనం లోపమని విసుక్కున్నదే వాళ్లకు అందం. తప్పేం లేదు. ఎఫ్30 మీద మనసైతే మాత్రం ఒక్క సంగతి చూసుకోండి. దాని ఎన్‌పీ-95 బ్యాటరీకి ఇబ్బంది లేదు, ఫుజీ తర్వాత తెచ్చిన ఎక్స్100లో కూడా అదే కాబట్టి ఇంకా దొరుకుతోంది. చిక్కంతా ఎక్స్‌డీ కార్డుతోనే. ఫుజీ, ఒలింపస్ కలిసి తెచ్చిన ఆ రకం కార్డు తయారీ ఎప్పుడో ఆగిపోయింది, గరిష్ఠం 2 జీబీ, ఎస్‌డీ కార్డు అందులో దూరదు. కార్డు లేకుండా కెమెరా అమ్మేవాళ్ల దగ్గర కనీసం సగం ధరకైనా బేరమాడండి.